కారు టైరు పంక్చరైతే స్టెప్నీ మార్చడం ఎలా: ప్రాణానికి ముప్పు లేకుండా

టైరు మార్చడానికి కండబలం కావాలని చాలామంది అనుకుంటారు. నిజానికి కావాల్సింది ఓపిక, పనుల వరస తెలిసి ఉండటం. బరువు ఎత్తే పని జాకీ చేస్తుంది, బిగుసుకున్న నట్లను కదిలించే పని పానా చేస్తుంది. చేయి తిరిగినవాళ్లకు ఇది పావుగంట పని, మొదటిసారి చేసేవాళ్లకు ముప్పావు గంట పడుతుంది.

ప్రమాదం మాత్రం రెండు చోట్ల పొంచి ఉంటుంది. ఒకటి, మీ భుజానికి నాలుగడుగుల దూరంలో దూసుకుపోయే లారీలు, బస్సులు. రెండోది, జాకీ మీద లేచి ఉన్న కారు. టన్ను బరువున్న బండి ఒక మూల మొత్తం అరచేతి కంటే కొంచెం పెద్దదైన ఇనుప పలక మీద ఆని ఉంటుంది. ఈ రెండింటి సంగతీ ముందు చూసుకున్నవారికి నట్లు విప్పి బిగించడం పెద్ద విషయం కాదు. అందుకే ఇక్కడ చక్రం విప్పడం గురించి కంటే, చక్రం దగ్గర కూర్చోవడానికి ముందు చేయాల్సిన వాటి గురించే ఎక్కువ రాస్తున్నాను.

ముందు డిక్కీ తెరిచి చూడండి

ఈ పని ఇంటి దగ్గరే మొదలుపెట్టాలి. కారు కొని నాలుగేళ్లయినా స్టెప్నీ ముఖం చూడనివాళ్లు ఎందరో ఉన్నారు. డిక్కీలో పరిచిన మ్యాటు ఎత్తితే కింద గుంతలో స్టెప్నీ, దాని మధ్యలోనో పక్కనో జాకీ, జాకీని తిప్పే కడ్డీ, నట్లు విప్పే వీల్ పానా ఉంటాయి. ఇన్నోవా, ఎర్టిగా లాంటి పెద్ద బండ్లలో స్టెప్నీ వెనక భాగం అడుగున వేలాడుతుంది. దాన్ని దించడానికి ఏ బోల్టు తిప్పాలో కారుతో ఇచ్చిన పుస్తకంలో బొమ్మతో సహా ఉంటుంది. సీఎన్‌జీ బండ్లలో డిక్కీలో సిలిండరు చోటు తీసుకుంటుంది కాబట్టి స్టెప్నీ ఎక్కడుందో, దాన్ని బయటికి తీయాలంటే ముందు ఏం జరపాలో పగటి వెలుతురులో ఒకసారి చూసి పెట్టుకోవాలి.

మనం తెలుగు మాటలాగే వాడేసుకుంటున్న స్టెప్నీ అన్న పేరు వేల్స్ దేశంలోని లనెత్లీ అనే ఊళ్లో పుట్టింది. 1904లో థామస్ మోరిస్ డేవిస్ అనే ఆయన అక్కడ విడి చక్రాన్ని తయారుచేశాడు. ఆ రోజుల్లో కార్లకు విడి చక్రం ఇచ్చేవారు కాదు. ఆ ఊళ్లోని స్టెప్నీ వీధి పేరు మీదుగా వచ్చిన ఆ మాట మన దేశంలో ఇప్పటికీ నిలిచిపోయింది.

ఇప్పుడు కథ మళ్లీ మొదటికి వస్తోంది. ట్యూబ్‌లెస్ టైర్లు, టైర్లలో గాలి తగ్గితే హెచ్చరించే ఏర్పాటు, పంక్చరు సరిచేసుకునే కిట్టు ఉన్న కార్లకు స్టెప్నీ తప్పనిసరి కాదని 2020లో మన మోటారు వాహనాల నిబంధనలను సవరించారు. కాబట్టి కొత్త కారు కొన్నవాళ్లు, ముఖ్యంగా ఎలక్ట్రిక్ కారు కొన్నవాళ్లు, స్టెప్నీ ఉందో లేదో ముందే తెలుసుకోవాలి. దాని బదులు జిగురు ద్రవం సీసా, చిన్న గాలి పంపు ఇచ్చి ఉంటే, అది మేకు గుచ్చుకున్నంత సన్నని రంధ్రాన్ని, అదీ నేలను తాకే భాగంలో ఉంటేనే మూయగలదు. టైరు పక్కగోడ చిరిగితే దానితో ఏ ప్రయోజనమూ లేదు, బండిని లాగించుకుని వెళ్లాల్సిందే.

స్టెప్నీ ఉంటే నాలుగు సంగతులు చూడండి. మొదటిది గాలి. డ్రైవరు తలుపు తెరిస్తే పక్క స్తంభం మీద అంటించిన కాగితంలో ఎంత గాలి ఉండాలో రాసి ఉంటుంది. మామూలు కార్లకు అది 30 నుంచి 36 పీఎస్ఐ మధ్య ఉంటుంది. వాడకపోయినా టైరులోంచి నెలకు కొంచెం కొంచెంగా గాలి తగ్గుతుంది కాబట్టి స్టెప్నీలో ఒక మూడు నాలుగు పీఎస్ఐ ఎక్కువ పెట్టించండి. వాడేటప్పుడు తగ్గించుకోవచ్చు. బంకులో నాలుగు చక్రాలకు గాలి పట్టించి అయిదో దాన్ని వదిలేయడం మనకు అలవాటు. పంక్చరైన రోజున డిక్కీలోంచి తీసిన స్టెప్నీ కూడా చప్పగా ఉంటే అప్పుడు చేయగలిగింది ఏమీ ఉండదు.

రెండోది వయసు. టైరు పక్కగోడ మీద కోడిగుడ్డు ఆకారపు గడిలో నాలుగు అంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే అది 2019లో 23వ వారంలో తయారైందని. ఎనిమిది, పదేళ్లు ఎండకూ వేడికీ డిక్కీలో పడి ఉన్న రబ్బరు పైకి కొత్తగా కనిపించినా నమ్మదగింది కాదు. మూడోది సైజు. ఖర్చు, చోటు కలిసివస్తాయని చాలా కంపెనీలు మిగతా నాలుగింటి కంటే చిన్న చక్రాన్ని స్టెప్నీగా ఇస్తున్నాయి. అలాంటి దాని మీద గంటకు 80 కిలోమీటర్లు దాటవద్దని స్టిక్కరు ఉంటుంది. నాలుగోది, దొంగల భయంతో అల్లాయ్ చక్రాలకు తాళం నట్లు వేయించుకున్నవాళ్లకు మాత్రమే: ఆ నట్టును విప్పే చిన్న తాళం ముక్క జాకీతో పాటే ఉండాలి. ఇంట్లో బీరువాలో కాదు.

కంపెనీ ఇచ్చినవాటికి తోడు నేను ఎప్పుడూ బండిలో ఉంచేవి కొన్ని ఉన్నాయి. అడుగు పొడవు, అడుగు వెడల్పు ఉన్న మందపాటి చెక్క. చక్రాలకు అడ్డు పెట్టడానికి రెండు చెక్క దిమ్మెలు. తలకు కట్టుకునే లైటు, ఎందుకంటే ఫోను లైటు పట్టుకుంటే ఒక చేయి పోతుంది. గట్టి చేతి తొడుగులు, పాత గోనెసంచి, చీకట్లో మెరిసే జాకెట్టు. అన్నీ కలిపి వెయ్యి, పదిహేను వందలకు మించవు.

టైరు దిగిందని తెలిసిన క్షణం

గాలి మెల్లగా దిగుతుంటే స్టీరింగు ఒకవైపు లాగుతుంది, తర్వాత దబదబమని చప్పుడు మొదలవుతుంది. ముందు టైరు ఒక్కసారిగా పేలితే కారు ఒక పక్కకు గుంజేస్తుంది. ఆ క్షణంలో కాలు తనంతట తానే బ్రేకు మీదికి పోతుంది. పోనివ్వకూడదు. స్టీరింగును రెండు చేతులతో నిటారుగా పట్టుకుని, యాక్సిలరేటరు మీంచి కాలు తీసి, వేగం తనంతట తగ్గేదాకా కారును తన దారిలోనే పోనివ్వాలి. గట్టిగా బ్రేకు వేస్తే బండి గిరుక్కున తిరిగే ప్రమాదం ఉంది. వేగం బాగా తగ్గాక, ఎడమ వైపు సిగ్నలు వేసి, అద్దంలో చూసుకుంటూ పక్కకు రావాలి. పూర్తిగా పక్కకు వచ్చాక నాలుగు లైట్లూ ఆరి వెలిగే హజార్డ్ మీట నొక్కాలి.

ఎక్కడ ఆపాలి, ఎక్కడ ఆపకూడదు

ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. గాలి పోయిన టైరు మీద నడిపితే టైరు పాడవుతుందని, రిమ్ము వంగుతుందని, ఎక్కడ ఉన్నారో అక్కడే ఆపేస్తారు. టైరు పాడవుతుంది, నిజమే. అయిదారు వేలో పది వేలో పోతాయి. కానీ మలుపు మీద, వంతెన మీద, హైవేలో కుడి వరుసలో ఆపితే పోయేది మనుషులు. గంటకు పది, పదిహేను కిలోమీటర్ల వేగంతో, హజార్డ్ లైట్లు వేసుకుని, అర కిలోమీటరైనా సరే నెమ్మదిగా నడిపి మంచి చోటు చేరుకోండి. పెట్రోలు బంకు, ధాబా ముందు స్థలం, లారీలు ఆగే చోటు, సర్వీసు రోడ్డు, టోల్‌గేటు దాటాక ఉండే విశాలమైన పక్క జాగా, వీటిలో ఏది ముందు వస్తే అది.

మంచి చోటుకు గుర్తులు ఇవి: నేల చదునుగా, గట్టిగా ఉండాలి, వెనక నుంచి వచ్చేవాళ్లకు కనీసం రెండు వందల మీటర్ల నుంచి మీరు కనిపించాలి, కారుకూ రోడ్డు అంచు గీతకూ మధ్య మీరు కూర్చుని పని చేసుకునేంత చోటు ఉండాలి. శ్రీశైలం, తిరుమల, అరకు ఘాట్ రోడ్ల మీద ఇవేవీ దొరకవు. అక్కడ ఏటవాలు మీద జాకీ వేయవద్దు. చదునైన మలుపు చోటు వచ్చేదాకా పాకినట్టు నడపాల్సిందే.

మన దేశంలో ఎడమ పక్కన నడుస్తాం కాబట్టి ఎడమ టైరు పంక్చరైతే పని కారు చాటున జరుగుతుంది. కుడి టైరు అయితే మీ వీపు వాహనాల వైపు ఉంటుంది. కుడి టైరు దిగి, పక్కకు ఇంకా జరగడానికి చోటు లేక, బండ్లు వేగంగా పోతున్న రోడ్డు మీద ఉంటే, మీరు మార్చకండి. నేను ఎన్నిసార్లు మార్చానో లెక్కలేదు, అయినా అలాంటి చోట ముట్టుకోను. జాతీయ రహదారి మీద ఎక్కడున్నా 1033కి ఫోను చేస్తే గస్తీ బండి వస్తుంది. వాళ్లు వెనక బండి నిలిపి, శంకువులు పెట్టి వాహనాలను మళ్లిస్తారు. ప్రాణాపాయం అనిపిస్తే 112. ఫోను చేసేటప్పుడు ఎక్కడున్నారో చెప్పడానికి కిలోమీటరు రాయి చూడండి, జాతీయ రహదారి రాళ్లకు పైభాగం పసుపు రంగులో ఉంటుంది. "సూర్యాపేట దగ్గర" అంటే వాళ్లకు వెతుక్కోవడమే సరిపోతుంది. ఏ కిలోమీటరు, హైదరాబాద్ వైపు వెళ్తున్నారా విజయవాడ వైపా, ఈ రెండూ చెప్పండి. హైదరాబాద్ అవుటర్ రింగ్ రోడ్డు మీద కూడా ఇదే జాగ్రత్త. 158 కిలోమీటర్ల ఆ రోడ్డు మీద వచ్చే వేగాలకు, పక్కన ఆగిన కారు కనిపించి డ్రైవరు తేరుకునేలోపే దూరం అయిపోతుంది.

మనుషులు ముందు దిగాలి

కారు ఆగగానే అందరూ ఎడమ తలుపుల్లోంచి దిగాలి. డ్రైవరు కూడా, వీలైతే, పక్క సీటు మీదుగా ఎడమ వైపు నుంచే. పిల్లలు నిద్రపోతున్నారని, ఎండగా ఉందని, వాన పడుతోందని లోపల ఉంచవద్దు. మనిషి లోపల ఉన్న కారును జాకీతో లేపకూడదు, కదిలితే జాకీ జారుతుంది. పైగా వెనక నుంచి వచ్చిన లారీ తగిలితే లోపల ఉన్నవాళ్లకు తప్పించుకునే దారి లేదు. దిగినవాళ్లు కారు ముందు గానీ వెనక గానీ నిలబడకూడదు. రోడ్డు అంచు ఇనుప కమ్మీ ఉంటే దాని అవతల, లేకపోతే రోడ్డుకు పది అడుగుల దూరంలో, కారుకు కొంచెం వెనకగా నిలబడాలి. ఏదైనా బండి వచ్చి కారును ఢీకొంటే కారు ముందుకు ఎగురుతుంది కాబట్టి వెనకగా ఉండటం మేలు. పెద్దవాళ్లు ఉంటే వాళ్లకు నీడ చూపించి, పిల్లల చేయి వదలవద్దని ఒకరికి అప్పగించండి.

తర్వాత త్రికోణం. కొత్త కారుతో ఎర్రగా మెరిసే త్రికోణం డిక్కీలో ఇస్తారు. చాలామంది ప్లాస్టిక్ సంచి కూడా విప్పి ఉండరు. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి సెకనుకు 28 మీటర్లు దాటుతుంది. డ్రైవరు చూసి, అర్థం చేసుకుని, బ్రేకు వేసేలోపే ఒక సెకను పైగా పోతుంది, బ్రేకు వేశాక ఆగడానికి ఇంకా చాలా దూరం కావాలి. కాబట్టి కారుకు పదడుగుల వెనక పెట్టిన త్రికోణం ఎవరినీ కాపాడదు. ఊరి రోడ్ల మీద 50 మీటర్లు, అంటే పెద్దవాళ్ల అడుగుల్లో దాదాపు 70. హైవే మీద దానికి రెట్టింపు. మలుపు దగ్గరలో ఆగి ఉంటే త్రికోణం మలుపుకు అవతల, వచ్చేవాళ్లకు మలుపు తిరగకముందే కనిపించేలా పెట్టాలి. దాన్ని పెట్టడానికి నడిచేటప్పుడు తారు మీద కాకుండా మట్టి అంచు మీద, ఎదురుగా వచ్చే బండ్లను చూస్తూ, త్రికోణాన్ని ఛాతీకి అడ్డంగా పట్టుకుని వెళ్లండి. మీ ఒంటి మీద మెరిసేది అదొక్కటే.

త్రికోణం లేనప్పుడు మన లారీవాళ్లు రాళ్లు, చెట్టు కొమ్మలు వరసగా పెడతారు. పని అయ్యాక అవి రోడ్డు మీదే ఉండిపోతాయి. ఆ రాత్రి ఆ దారిన వచ్చే మోటారు సైకిలు మనిషికి ఆ రాళ్లు కనిపించవు. కొమ్మ పెడితే పెట్టండి, వెళ్లేటప్పుడు మాత్రం మీ చేత్తోనే తీసేయండి.

కారు కదలకూడదు

హ్యాండ్‌బ్రేకు పూర్తిగా లాగండి. మామూలు గేర్ల కారైతే మొదటి గేరులో, ఆటోమేటిక్ అయితే పీలో పెట్టి ఇంజిను ఆపండి. ఈ రెండూ ఎందుకు కావాలో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇందులో ఒకటి సరిపోతుందని చాలామంది నమ్మకం.

మన దగ్గర తిరిగే చిన్న కార్లలో చాలావాటికి ఇంజిను బలం ముందు చక్రాలకు వెళ్తుంది. హ్యాండ్‌బ్రేకు వెనక చక్రాలను పట్టుకుంటుంది. ముందు చక్రం ఒకటి లేపారనుకోండి. గాలిలో ఉన్న చక్రం తిరగగలదు కాబట్టి, రెండు చక్రాలనూ కలిపే డిఫరెన్షియల్ కారణంగా నేల మీదున్న రెండో ముందు చక్రాన్ని గేరు ఆపలేదు. అప్పుడు కారును ఆపి ఉంచేది హ్యాండ్‌బ్రేకు ఒక్కటే. వెనక చక్రాన్ని లేపితే పరిస్థితి తారుమారు. హ్యాండ్‌బ్రేకు నేల మీద మిగిలిన ఒక్క వెనక చక్రాన్నే పట్టుకోగలుగుతుంది, గేరు దానికి తోడు నిలవాలి. ఏ చక్రం లేపినా ఒక రక్షణ సగమో పూర్తిగానో పోతుంది. ఆ లోటు తీర్చడానికే అడ్డు దిమ్మెలు. లేపే చక్రానికి మూలగా ఎదురున్న చక్రానికి ముందూ వెనకా పెట్టండి. ఎడమ ముందు చక్రం మారుస్తుంటే కుడి వెనక చక్రానికి. చెక్క దిమ్మెలు లేకపోతే పిడికిలి కంటే పెద్ద రాళ్లు పనికొస్తాయి.

చక్రం నేల మీద ఉండగానే నట్లు వదులు చేయాలి

స్టెప్నీ, పనిముట్లు అన్నీ ముందే బయట పెట్టుకోండి. కారు లేచాక డిక్కీలోంచి బరువులు లాగడం మంచిది కాదు.

ప్లాస్టిక్ వీల్ క్యాప్ ఉంటే అంచు పట్టి లాగేయండి. ఇప్పుడు నట్లు. జాకీ వేసి చక్రం లేపాక నట్లు విప్పబోతే చక్రం తిరుగుతుంది, మీరు పెట్టే బలానికి కారు జాకీ మీద ఊగుతుంది. కాబట్టి చక్రం నేలకు ఆని ఉండగానే ఒక్కో నట్టునూ సగం చుట్టు, అంతకు మించకుండా, గడియారం ముల్లు తిరిగే దిక్కుకు ఎదురుగా తిప్పి వదులు చేయాలి.

పానాను నట్టు మీద లోపలిదాకా దిగేలా కూర్చోబెట్టండి. సగమే ఎక్కిన పానా జారితే నట్టు మూలలు అరిగిపోతాయి, మీ వేళ్ల కణుపులు రోడ్డుకు తగులుతాయి. పానా పిడి ఎడమ చేతి వైపు, నేలకు సమంగా ఉండేలా పెట్టి, నిటారైన చేతులతో మీ బరువంతా దాని చివర కిందికి వేయండి. పైకి లాగితే నడుము పట్టేస్తుంది. చేతులకు లొంగకపోతే కారు మీద చేయి ఆన్చుకుని పిడి చివర పాదం పెట్టి నెమ్మదిగా బరువు పెంచండి. ఎగిరి దూకవద్దు. నట్టు వదిలేటప్పుడు కిర్రుమని ఒక చప్పుడు వస్తుంది. ఒకసారి విన్నవాళ్లు మళ్లీ గుర్తుపడతారు, తుప్పు పట్టిన తలుపు తెరుచుకున్నట్టు ఉంటుంది. ఆ చప్పుడు వచ్చిందంటే ఆ నట్టు పని అయినట్టే.

నట్లు ఎంతకీ రాకపోవడానికి ఎక్కువసార్లు కారణం తుప్పు కాదు, అంతకుముందు షాపులో గాలి తుపాకీతో, అంటే గాలి ఒత్తిడితో నట్లు బిగించే యంత్రంతో, బిగించిన చేయి. ఒకసారి నేను రోడ్డు పక్క షాపులో టైరు మార్పించుకున్నాక, నెల తర్వాత అవే నట్లు ఎనభై కిలోల బరువు వేసినా కదల్లేదు. అప్పటి నుంచి మూడడుగుల ఇనుప గొట్టం ఒకటి డిక్కీలో ఉంచుకుంటున్నాను. పానా పిడికి తొడిగితే అదే బలం రెండు మూడింతలవుతుంది. అది విప్పడానికి మాత్రమే, బిగించడానికి ఎప్పుడూ వాడకూడదు.

జాకీ

కారు అడుగున జాకీ ఎక్కడ పడితే అక్కడ పెట్టకూడదు. ముందు చక్రానికి కొంచెం వెనకగా, వెనక చక్రానికి కొంచెం ముందుగా, తలుపుల కిందుగా పోయే అంచుకు చేయి పెట్టి తడిమి చూడండి. రేకులు రెండు కలిపి అతికిన సన్నని నిలువు అంచు చేతికి తగులుతుంది. ఆ అంచు మీద పక్కపక్కనే రెండు చిన్న గాట్లు ఉంటాయి. ఆ రెండు గాట్ల మధ్య భాగాన్నే కంపెనీ గట్టిగా కట్టింది, జాకీ తలలోని గాడి సరిగ్గా అక్కడే కూర్చోవాలి. అంగుళం అటు ఇటు అయితే రేకు వంగుతుంది. ఇంకా లోపలికి పెడితే నేల రేకు చిరుగుతుంది. ఎలక్ట్రిక్ కార్ల అడుగున బ్యాటరీ పెట్టె ఉంటుంది కాబట్టి ఈ జాగ్రత్త వాటికి ఇంకా ముఖ్యం. కొన్ని కార్లకు బయట ప్లాస్టిక్ పట్టీ ఉండి దాని మీద చిన్న బాణం గుర్తు ఉంటుంది. జాకీ పట్టీ కింద కాకుండా దాని వెనక ఉన్న ఇనుప అంచు కింద పెట్టాలి.

నేల సంగతి. నందిగామ దాటాక, వాన వెలిసిన ఒక సాయంత్రం, రోడ్డు పక్క నల్లరేగడి మీద జాకీ వేశాను. పైకి గట్టిగానే కనిపించింది. చక్రం నేల వదిలిన తర్వాత జాకీ అడుగు పలక ఒక వైపు మెల్లగా దిగబడటం మొదలైంది, కారు నావైపు ఒరిగింది. అప్పటికి చక్రం ఇంకా విప్పలేదు, కాబట్టి టైరు నేలకు ఆనుకుని ఆగింది. చక్రం తీసేసి ఉంటే ఏమయ్యేదో నాకు తెలుసు. ఆ రోజు నుంచే చెక్క ముక్క నా బండిలోకి వచ్చింది. మెత్తటి నేలలో బరువు చెక్క అంతటా పరుచుకుంటుంది. నడివేసవిలో, ఎండకు తారు మెత్తబడిన రోడ్డు మీద కూడా ఇదే ఉపాయం. ఇటుకలు మాత్రం పెట్టవద్దు, అవి ముందు చెప్పకుండా పగులుతాయి.

జాకీని ముందు చేత్తోనే తిప్పి, తల గాట్ల మధ్య తాకేదాకా తెండి. అడుగు పలక తల కిందే నిలువుగా ఉందో లేదో రెండు వైపుల నుంచీ చూడండి. తర్వాత కడ్డీ తగిలించి తిప్పాలి. చక్రం నేల వదిలే ముందు ఒకసారి ఆగి, జాకీ ఒరగలేదని మళ్లీ చూడండి. ఒరిగితే వెంటనే దించి మొదటి నుంచి పెట్టాలి. సర్దుకుంటుందిలే అనుకోవద్దు. గాలి లేని టైరు కంటే గాలి ఉన్న స్టెప్నీ ఎత్తు ఎక్కువ కాబట్టి చక్రం నేల నుంచి రెండు మూడు అంగుళాలు లేచేదాకా తిప్పండి, అంతకంటే ఎక్కువ అక్కర్లేదు.

కారు జాకీ మీద ఉన్నంతసేపూ చేయి, కాలు, తల ఏదీ కారు కిందికి పోకూడదు. జారిపడిన నట్టు కారు కిందికి దొర్లితే చేయి పెట్టకుండా కర్రతోనో పానాతోనో లాగండి.

తీయడం, ఎక్కించడం

వదులు చేసిన నట్లు ఇప్పుడు చేత్తోనే వస్తాయి. వాటిని వీల్ క్యాప్‌లోనో గుడ్డ మీదో పెట్టండి, మట్టిలో పెట్టవద్దు. పై నట్టును చివర తీయండి, చక్రం ఒక్కసారిగా పడకుండా ఉంటుంది. చక్రాన్ని రెండు పక్కలా పట్టుకుని నేరుగా మీవైపు లాగండి. చక్రం ఆనే మధ్య భాగమైన హబ్బుకు తుప్పు పట్టి అతుక్కుపోతే జాకీ మీదున్న కారును తన్నవద్దు. నట్లు రెండు చుట్లు బిగించి, జాకీ దించి, కారును కొంచెం ఊపితే బరువుకే ఊడివస్తుంది. మళ్లీ లేపి తీసుకోవచ్చు.

తీసిన చక్రాన్ని కారు అంచు కిందికి, జాకీ పక్కన, పడుకోబెట్టి తోయండి. జాకీ జారినా కారు ఆ చక్రం మీద ఆగుతుంది, మీ కాళ్ల మీద కాదు. నాకు తెలిసి ఈ పని మొత్తంలో ఖర్చు లేని గొప్ప రక్షణ ఇదే. స్టెప్నీ ఎక్కించే ముందు ఇదొక్కటి మరవకండి.

స్టెప్నీ బరువు పదిహేను కిలోల చుట్టూ ఉంటుంది. గాలి నింపే వాల్వు బయటికి కనిపించే వైపు ఉండాలి. నేల మీద కూర్చుని, పాదం టైరు కింద పెట్టి పాదంతో పైకి లేపుతూ చేతులతో బోల్టుల మీదికి నడిపిస్తే నడుముకు శ్రమ ఉండదు. వేళ్లు టైరుకు పక్కల్లో ఉండాలి, కింద కాదు. ఫోక్స్‌వ్యాగన్, స్కోడా కార్లలో హబ్బు మీద బోల్టులు నిలిచి ఉండవు, బోల్టులే బయటి నుంచి లోపలికి పోతాయి. వాటికి చక్రంలోని రంధ్రాలను హబ్బు రంధ్రాలతో సరిపెట్టడం కొంచెం ఓపిక పని. పై రంధ్రంలో ఒక బోల్టు ముందు ఎక్కిస్తే మిగతావి సులభం.

నట్టుకు ఒక వైపు ఏటవాలుగా కోసిన అంచు ఉంటుంది. ఆ వైపు చక్రం లోపలికి ఉండాలి. ప్రతి నట్టునూ ముందు వేళ్లతోనే తిప్పండి. వేళ్లకు ఎక్కకపోతే మర వంకరగా పట్టిందని అర్థం, పానా వేసి బలవంతం చేస్తే బోల్టు పాడవుతుంది. మరకు నూనె, గ్రీజు రాయవద్దు. కంపెనీవి కాకుండా బయట అల్లాయ్ చక్రాలు వేయించుకున్నవాళ్ల స్టెప్నీ ఇనుపదైతే, దానికి పాత నట్లే సరిపోతాయో లేదో ఇంటి దగ్గరే చూసుకోవాలి.

బిగింపు

చక్రం గాలిలో ఉండగా నట్లను పానాతో తేలికగా, చక్రం హబ్బుకు సమంగా ఆనేదాకా బిగించండి. వరసగా పక్కపక్కవి కాదు, ఎదురెదురువి. నాలుగు నట్లయితే పైది, కిందది, ఎడమది, కుడిది. అయిదయితే ఒకటి విడిచి ఒకటి, నక్షత్రం గీసినట్టు. తర్వాత కింద పెట్టిన చక్రం తీసి, జాకీ దించి, కారు బరువు టైరు మీద పడ్డాక అదే వరసలో గట్టిగా బిగించాలి.

ఎంత గట్టిగా? చిన్న కార్లకు సాధారణంగా 100 న్యూటన్ మీటర్లకు అటూ ఇటూ ఉంటుంది, మీ కారుది పుస్తకంలో రాసి ఉంటుంది. దీన్ని చేతి లెక్కలోకి తెస్తే, 30 సెంటీమీటర్ల పానా చివర 35 కిలోల బరువు వేసినంత. అంటే మామూలు మనిషి నిటారు చేతులతో సగం బరువు మోపితే చాలు. దాని మీద నిలబడి బిగిస్తే బోల్టు సాగుతుంది, రేపు మళ్లీ ఎవరూ విప్పలేరు. తక్కువ బిగిస్తే చక్రం ఊగుతుంది. అన్నీ అయ్యాక ఇంకొక్క చుట్టు అన్ని నట్ల మీద పానా పెట్టి చూడండి, ఒకటి తప్పకుండా కొంచెం తిరుగుతుంది.

బయలుదేరాక

పనిముట్లు లెక్కపెట్టి లోపల వేసుకోండి, త్రికోణాన్ని చివర తీసుకురండి. బండి ఎక్కేటప్పుడు కూడా అందరూ ఎడమ వైపు నుంచే. పిల్లలను లెక్కపెట్టుకుని తలుపులు వేయండి. రోడ్డు మీదికి వచ్చేటప్పుడు మట్టి అంచు మీదే కొంత వేగం అందుకుని తర్వాత కలవండి.

మొదటి బంకులో స్టెప్నీలో గాలి చూపించండి. స్టీరింగు వణుకుతున్నా, లయగా టకటక చప్పుడు వస్తున్నా వెంటనే ఆపి నట్లు చూడండి. ఏమీ లేకపోయినా 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక ఒకసారి పానా పెట్టాలి, అల్లాయ్ చక్రాలకైతే తప్పనిసరి. చిన్న సైజు స్టెప్నీ అయితే 80 దాటకుండా, దగ్గరలోని పంక్చరు షాపుదాకా మాత్రమే నడపండి.

షాపులో రంధ్రం ఎక్కడుందో మీరే చూడండి. నేలను తాకే భాగంలో ఉంటే అతుకు నిలుస్తుంది. పక్కగోడలో ఉంటే ఎంత బాగా అతికినా ఆ టైరు మీద పిల్లలను ఎక్కించవద్దు. గాలి లేకుండా దూరం నడిపిన టైరైతే రిమ్ము నుంచి విప్పించి లోపలి వైపు చూడండి, నల్లటి రబ్బరు పొడి రాలుతుంటే పక్కగోడ లోపల నలిగిపోయిందని అర్థం. అతుకు వేయించాక ఆ చక్రాన్ని దాని చోట తిరిగి బిగించేటప్పుడు, చివరి బిగింపు గాలి తుపాకీతో కాకుండా చేతి పానాతో చేయమని అడగండి. నేను పక్కన నిలబడి చేయిస్తాను. స్టెప్నీలో గాలి పట్టించి, తాళం ముక్కతో సహా డిక్కీలో దాని చోట పెట్టాకే అక్కడి నుంచి కదులుతాను.

మా అమ్మాయికి లైసెన్సు వచ్చిన వారం, ఒక ఆదివారం ఉదయం ఇంటి ముందు గట్టి నేల మీద ఇదంతా తనతో చేయించాను. నేను పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను, చేయి వేయలేదు. యాభై నిమిషాలు పట్టింది. జాకీ గాట్లు వెతకడానికే పది నిమిషాలు పోయాయి. రెండోసారి చేసినప్పుడు ఇరవై రెండు.